తాగని నీళ్ళు

శ్రీపెరుంబుదూరు,
19 జనవరి 2025

అత్తా,

వందనాలు. నీ చెవి మిషన్ మళ్ళీ గుయ్యిమంటోందని నాన్న చెప్పాడు. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను హాస్టల్ అంతా వినపడేట్టు అరవడం, చివరికి "సర్లే ఉంటా" అని నువ్వు పెట్టెయ్యడం. ఇంతకంటే ఉత్తరమే నయం. నీ గుండ్రటి చేతిరాత చూసి కూడా చాలా రోజులైంది.

ఒక సంగతి చెప్పాలి. నాన్నకి చెప్పనని ఒట్టేసుకుంటేనే కింద చదువు.

నేను కారు రేసులో తోలబోతున్నాను.

కంగారుపడకు. టీవీలో చూపించే రకం కాదు. మా ఫ్యాక్టరీలో పనిచేసే నలుగురం కలిసి ఒక పాత కారు తీసుకుని, వెనక సీట్లూ ఏసీ పీకేసి, సెలవు రోజుల్లో ఆడుకునే ఆట. ఆరు గంటలు ఆగకుండా ఎవరి కారు ఎక్కువ చుట్లు తిరుగుతుందన్నదే పందెం. నలుగురం వంతులేసుకుని తలా గంటన్నర తోలతాం. చైతన్యకృష్ణ మా కెప్టెన్. మిగతావాళ్ళం మార్క్, అష్రఫ్, నేను. మార్చి తొమ్మిదో తారీఖు, పొద్దున పదకొండింటికి మొదలు.

నా భయం స్పీడు గురించి కాదత్తా, వేడి గురించి. నిప్పంటుకోకుండా మందపాటి సూటు, మొహానికి ముసుగు, పైన హెల్మెట్. కారులోపల యాభై డిగ్రీలు దాటుతుంది. గంటన్నరకి లీటరు పైనే చెమట పోతుందట. దానికి అష్రఫ్ ఒక ఏర్పాటు చేశాడు. వాళ్ళది చీరాల పక్కనే. వాళ్ళ నాన్న మొహిద్దీన్ బాషా గారు వాడరేవులో చేపలు ఐసుపెట్టెల్లో సర్ది ఊళ్ళకి పంపుతుంటారు. అలాంటి పెట్టె ఒకటి తెచ్చి, అందులో చిన్న మోటారు పెట్టి, మేం వేసుకునే బనీను మీద సన్నటి గొట్టాల్లో చల్లటి నీళ్ళు తిరిగేట్టు చేశాడు. తాగే నీళ్ళ సీసా కూడా ఆ పెట్టెలోనే. దాని ట్యూబు హెల్మెట్ లోపల నోటి దగ్గరికి వస్తుంది, కొరికి పీలిస్తే చాలు. "దిమ్మ వెయ్యి, ముక్కలు వెయ్యబాక" అని వాళ్ళ నాన్న చెప్పాడట, ఐసు దిమ్మలాగా ఉంటే తొందరగా కరగదని. కారంతా ఒకటే నీసు కంపు. చైతన్య దానికి పులుసుబండి అని పేరుపెట్టాడు.

నువ్వు ముప్ఫై ఏళ్ళుగా మిరపచేలల్లో ఆడవాళ్ళ ముఠాని ఎండలో నడిపిస్తున్నావు. నీకు తెలిసింది నాకూ చెప్పు.

నీ శాంతి

*

పర్చూరు,
30 జనవరి

ఒసే శాంతీ,

దేవుడి దయవల్ల నేనూ మీ ఆదాం మామయ్యా తిని తిరుగుతున్నాం. నీకేం పోయేకాలమే? కారు రేసా? సైకిలు మీంచి తుమ్మకంపలో పడితే ముళ్ళు తీసింది నేను. మీ నాన్న చీమకుర్తిలో రాళ్ళు కోసే మిషన్ల దగ్గర పగలంతా దుమ్ము తిని నిన్ను ఇంజనీరు చేసింది ఇందుకా? ఒట్టేశాను కాబట్టి చెప్పను. చెప్పాలని మాత్రం నోరు దురద పెడుతోంది.

నీ ఉత్తరం చేలో చదివి వినిపిస్తే మా ముఠా అంతా ఒకటే నవ్వు. "మీ మేనకోడలు చేపలపెట్టెలో కూచుని పోద్దా?" అని పిచ్చమ్మ అడిగింది. అక్కడికీ "కారు అక్కా, పెట్టె వేరు" అని విడమర్చి చెప్పాను.

సరే, అడిగావు కాబట్టి విను. పొద్దున్నే రాగిజావ తాగి బయల్దేరు, నూనె వస్తువులు ముట్టుకోకు. మెడచుట్టూ తడిగుడ్డ వేసుకో. నడినెత్తి చల్లగా ఉంటే మనిషి నిలబడతాడు. ఉప్పు, నిమ్మకాయ పిండిన మజ్జిగ మంచిది, అయితే అది పనంతా అయ్యాక.

ఇంకోటి. అంతమంది మగాళ్ళ మధ్య ఒక్కదానివి. ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచీ నీళ్ళు తగ్గించుకో. పొద్దున గొంతు తడుపుకోవడానికి ఒక గుటక, అంతే. నీకు తొమ్మిదేళ్ళప్పుడు నాతో చేలోకి వస్తే ఏం చెప్పానో గుర్తుందిగా? మాటిమాటికీ ఒంటికని గట్టెక్కి పోయే ఆడపిల్లని నలుగురూ చూస్తారు. దప్పిక ఓర్చుకోవచ్చు, ఆ చూపులు ఓర్చుకోలేం. ఇన్నేళ్ళూ మేమంతా అలాగే నెట్టుకొచ్చాం, ఏం చచ్చిపోలేదుగా.

జాగ్రత్త. ప్రార్థనలో నిన్ను తల్చుకుంటాను.

నీ అత్త దేవకుమారి

*

శ్రీపెరుంబుదూరు,
13 మార్చి

అత్తా,

నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తున్నాను.

నా వంతు గంటా పది నిమిషాలు బాగానే తోలాను. తర్వాత పిక్కలు పట్టేశాయి, కళ్ళముందు నల్లగా అయింది. మలుపు దగ్గర బ్రేకు మీద కాలు పడలేదు. వరసగా పేర్చిన టైర్లలోకి కారు దూసుకుపోయింది. ఎడమ మణికట్టు కొంచెం బెణికింది, అంతే. కారు ముందుభాగం నుజ్జు. మా పందెం అక్కడితో అయిపోయింది.

సెలైన్ రెండు సీసాలు ఎక్కించారు. ఒంట్లో నీళ్ళు లేవన్నారు. ట్యూబులో నీళ్ళు రాలేదు. పెట్టె సరిగ్గా పనిచెయ్యలేదు. చైతన్య కోపం పట్టలేక అష్రఫ్‌ని అక్కడికక్కడే టీమ్‌లోంచి తీసేశాడు.

నాన్నకి బాత్రూములో జారానని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. ఇంతకంటే రాయలేను, చెయ్యి నొప్పిగా ఉంది.

శాంతి

*

పర్చూరు,
23 మార్చి

నా తల్లీ,

నీ ఉత్తరం చదువుతుంటే మీ మామయ్య మంచినీళ్ళిచ్చి కూచోబెట్టాడు. కుడిచేత్తో రాసేదానివి, ఎడమ మణికట్టు బెణికితే రాయలేకపోవడమేమిటా అనిపించింది. భయపడి ఉంటావులే అనుకున్నాను.

ఆ అష్రఫ్ అనేవాడు మనిషేనా? నీళ్ళు వస్తున్నాయో లేదో చూసుకోకుండా ఆడపిల్లని నిప్పులపొయ్యిలో కూచోబెడతాడా? నేను ఊరుకునే రకం కాదని నీకు తెలుసు. నిన్న శనివారం మా స్త్రీల సమాజం వాళ్ళం ఆటో కట్టించుకుని వాడరేవు వెళ్ళాం. మిగతావాళ్ళు సముద్రంలో కాళ్ళు తడుపుకుంటుంటే నేను మొహిద్దీన్ బాషా ఎక్కడని అడుగుతూ పడవల దగ్గరికి పోయాను.

ముసలాయన. గళ్ళ లుంగీ, తలకి తువ్వాలు. పెట్టెలో చేపలు సర్దుతున్నాడు. చేపలు కొనేవాళ్ళు, వలలు బాగుచేసేవాళ్ళు, ఆదివారానికని ముందే వచ్చి దిగిన గుంటూరు వాళ్ళు, అందరూ ఉన్నారు. అందరి ముందూ కడిగేశాను. "నీ కొడుకు నా పిల్లని చంపబోయాడయ్యా! చేపలకీ మనుషులకీ తేడా తెలీదా మీకు?" అన్నాను. నాకు చెవులు వినపడకపోయినా నా గొంతు వాడరేవంతా వినపడిందిలే.

ఆయన తలమీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏదో అన్నాడు. సమాజం నుంచి నా వెంట వచ్చిన మరియమ్మ నా చెవిలో అరిచి చెప్పింది. "ఆ పెట్టె నేనే ఇచ్చానమ్మా. ఇన్నేళ్ళలో నా పెట్టెలో చేప కూడా చెడలేదు. పాపకి ఇట్టా అయిందంటే తప్పు మాదే" అన్నాడట. వద్దన్నా వినకుండా రెండు పెద్ద వంజరం చేపలు ఐసులో పెట్టించి మా ఆటోలో పెట్టించాడు. పులుసు పెట్టాను. తలకాయ పులుసు రెండోరోజుకి ఇంకా బాగుంది. నువ్వుంటే ఎంత బాగుండేది.

ఇక నీకు మనసులో కష్టం ఉండక్కర్లేదు. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పేశాను.

నీ అత్త

*

శ్రీపెరుంబుదూరు,
28 మార్చి

అత్తా,

ఆ చేప తిన్నావా? రెండు రోజులు తిన్నావా?

ట్యూబులో నీళ్ళు వచ్చాయి అత్తా. నేనే తాగలేదు.

ఇది రాయడానికి ఐదు కాగితాలు చించాను. మొదటినుంచీ చెప్తాను. శనివారం సాయంత్రం నుంచీ నీళ్ళు మానేశాను. ట్రాక్ దగ్గర ఆడవాళ్ళకని ఉన్నది ఒకే ఒక్క బాత్రూము గది, అదీ టైర్ల షెడ్డు అవతల. గడియ పడదు, బయట ఎప్పుడూ పదిమంది మగాళ్ళు నిలబడి ఉంటారు. సూటు విప్పి మళ్ళీ తొడుక్కోవడానికి పావుగంట. నా వంతు రాకముందు అష్రఫ్ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ సీసా ఇచ్చి "అంతా తాగెయ్, కారులో ఎక్కాక పది నిమిషాలకోసారి రెండు గుటకలు, దాహం వేసేదాకా ఆగొద్దు" అన్నాడు. సరేనని తల ఊపి, టైర్ల వెనక్కి వెళ్ళి పారబోశాను. ఖాళీ సీసా చూపిస్తే "గుడ్" అన్నాడు.

కారులో ట్యూబు గంటా పది నిమిషాలూ నా పెదవికి తగులుతూనే ఉంది. చల్లగా. కొరికితే చాలు. తాగితే ఎక్కడ ఒంటికి వస్తుందో, సూటులో తెలిసిపోతే ఆ ముగ్గురి ముందూ ఎలా దిగాలో, ఆ మాటే బుర్రలో తిరిగింది. బనీనులో చల్లటి నీళ్ళు తిరుగుతున్నాయిగా, పర్లేదులే అనుకున్నాను. ఒంట్లో నీళ్ళు లేనప్పుడు పైన ఎంత చల్లబరిస్తే ఏం లాభం?

డాక్టరు "ఇంత ఎండిపోయావేంటమ్మా, తాగలేదా?" అని అడిగినప్పుడు చైతన్య మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. ఒంటికి వస్తుందని తాగలేదని చెప్పడానికి నోరు రాలేదు. "ట్యూబులో నీళ్ళు రాలేదు" అన్నాను. అనడానికి చాలా తేలిగ్గా ఉంది. గుమ్మం దగ్గర అష్రఫ్ ఉన్నాడు. "సారీ శాంతీ" అన్నాడు నాతో. నేను అటు తిరిగి పడుకున్నాను.

ఇరవై రోజులవుతోంది. క్యాంటీన్లో అతను దూరంగా కూచుంటాడు. ఇప్పుడేమో నువ్వు వాళ్ళ నాన్నని నలుగురిలో నిలబెట్టి తిట్టి, ఆయన పెట్టిన చేప వండుకు తిన్నావు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశానని నీ మీద నెట్టట్లేదు. కానీ నీ మీద కోపం లేదంటే అదీ అబద్ధమే అవుతుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చెంబు నా చేతిలోంచి లాక్కున్నావు అత్తా. ఇప్పటికీ నాకు బయట నీళ్ళు తాగాలంటే చుట్టూ చూడ్డం అలవాటు.

శాంతి

*

పర్చూరు,
4 ఏప్రిల్

శాంతీ,

తిన్నాను. ముల్లు కూడా వదలకుండా తిన్నాను. నీ ఉత్తరం చదివిన రోజు అన్నం సయించలేదు. మీ మామయ్య ఏమైందంటే ఏమీ లేదన్నాను.

నిన్ను తిట్టాలని మొదలుపెట్టి రెండు కాగితాలు రాశాను. తప్పు చెయ్యనివాడి మీద తోసేస్తావా, ఇదేనా నీ చదువు, అని. ఆ మాటలు ఇప్పటికీ నిజమే. ఆ కాగితాలు పొయ్యిలో పెట్టాను, ఎందుకో చెప్తాను.

నాకు కిడ్నీలో రాళ్ళని ఆపరేషన్ చేశారు చూడు, గుంటూరులో. అప్పుడు డాక్టరమ్మ "నీళ్ళు తాగవా?" అంది. మా ఊరి నీళ్ళు ఉప్పునీళ్ళమ్మా అని చెప్పాను. మీ నాన్న ఆ మాట నమ్మి క్యాన్ నీళ్ళు వేయించాడు. నీళ్ళు మంచివేనే. నేను నెపం నీళ్ళ మీద పెట్టాను, నువ్వు పెట్టె మీద పెట్టావు.

అక్కడితో అయిపోలేదు. ముఠాకి నీళ్ళబిందె నేనే తీసుకుపోతాను. ఎక్కడ పెడతానో తెలుసా? చేనుకి అవతలి కొసన, ఆటో కింద. దగ్గర పెడితే తాగుతారు, తాగితే లేస్తారు, లేస్తే కోత ఆగిపోతుంది, రైతు నన్నంటాడు. మిరప కోసిన చేతుల్తో గట్టెక్కితే ఆ మంట ఎలా ఉంటుందో నీకూ తెలుసు, అందుకని వాళ్ళూ అడగరు. ముందటేడు ఇలాంటి ఎండల్లోనే పిచ్చమ్మ సాళ్ళ మధ్య పడిపోయింది. మొహం ఉబ్బి, కాళ్ళు ఉబ్బి, ఒంగోలు ఆసుపత్రిలో పది రోజులుంది. వడదెబ్బ అన్నాం అందరం. ఆ రోజు మధ్యాన్నం అది రెండుసార్లు నీళ్ళడిగింది. "ఈ సాలు అయ్యాక తాగుదువులే" అన్నది నేను. ఈ సంగతి చర్చిలో కూడా ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ళ మీద కూచున్నప్పుడు కూడా దాటేశాను.

నీ చేతిలోంచి చెంబు లాక్కున్నది నాకు గుర్తులేదే. గుర్తులేకపోవడమే నాకు ఇంకా సిగ్గుగా ఉంది.

ఇప్పుడు విను. వాడరేవు నేను పోతాను. నువ్వు ఆ చైతన్య దగ్గరికి పో. అష్రఫ్ ఎదురుగా చెప్పు, ఫోన్లో మెసేజీ పెట్టి తప్పించుకోకు. ఏ మాటకి సిగ్గుపడి అబద్ధం ఆడావో ఆ మాట పలుకు. పదమూడో తారీఖు మట్టలాదివారం దాకా చూస్తాను. అప్పటికి నీ ఉత్తరం రాకపోతే నేనే చెన్నై బస్సెక్కుతాను. నా గొంతు సంగతి నీకు తెలుసు.

అత్త

*

శ్రీపెరుంబుదూరు,
12 ఏప్రిల్

అత్తా,

చెప్పాను. రేపే మట్టలాదివారం. ఇది నీకు ఆలస్యంగా అందుతుంది, బస్సెక్కకు.

క్యాంటీన్లో ముగ్గుర్నీ కూచోబెట్టి చెప్పాను. "ఒంటికి వస్తుందని భయపడి నీళ్ళు తాగలేదు. అష్రఫ్ పెట్టె బాగానే పనిచేసింది. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. మూడు ముక్కలు. మార్క్ ఫోన్లోకి చూస్తూ ఉండిపోయాడు. చైతన్య మొదట అర్థం కానట్టు చూశాడు, తర్వాత బల్లమీద కొట్టాడు. "ఆ గది గడియ గురించి ఒక్క మాట చెప్తే ఒకణ్ణి కాపలా పెట్టేవాణ్ణి కదా! వీణ్ణి నెలరోజులు దొంగలా చూశాం" అన్నాడు. నన్ను టీమ్‌లోంచి తీసేశాడు. న్యాయమే.

అష్రఫ్ అంతసేపూ టీ తాగుతూనే ఉన్నాడు. చివరికి "నాకు తెలుసు" అన్నాడు.

రేసు రోజు సాయంత్రమే కారులోంచి పెట్టె బయటికి తీసి, ట్యూబు తను పీల్చి చూశాడట. నీళ్ళు వచ్చాయట. నా వంతుకి ముందు నింపిన సీసా నింపినట్టే ఉందట.

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వే చెప్తావని చూశా" అన్నాడు. తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టి, "నన్నంటే అన్నారు, పర్లేదు. మా నాన్న ఇప్పుడు ఒక్కో పెట్టె మూత మూడేసిసార్లు తెరిచి చూసుకుంటున్నాడు శాంతీ. ఐసు కరిగిపోతోందని పక్కవాళ్ళు నవ్వుతున్నారు. అది మాత్రం నాకు బాలేదు" అని లేచి వెళ్ళిపోయాడు.

అతన్ని మళ్ళీ టీమ్‌లోకి తీసుకున్నారు. నాతో పనికి సంబంధించి మాట్లాడతాడు, అంతే. మెట్ల దగ్గర ఆపి క్షమించమని అడిగాను. "సరేలే" అన్నాడు. ఆ సరేలే వినలేకపోయాను.

నాన్నకీ ఫోన్ చేసి అంతా చెప్పేశాను. విని, "నీళ్ళు తాగమ్మా" అని పెట్టేశాడు.

నువ్వు వాడరేవు వెళ్ళావా?

శాంతి

*

పర్చూరు,
22 ఏప్రిల్

శాంతీ,

వెళ్ళాను. పోయిన వారమే, ఒక్కదాన్నే, బస్సులో. ఆ రోజు ఎక్కడ నిలబడి అరిచానో అక్కడే నిలబడ్డాను. మెల్లగా చెప్పుకుందామనుకున్నాను గానీ నాకు మెల్లగా మాట్లాడ్డం చేతనైతేగా. "నీ పెట్టెలో తప్పు లేదు బాషా! నా పిల్ల నీళ్ళు తాగలేదు. తాగొద్దని నేర్పింది నేను!" అని అరిచాను. మళ్ళీ వాడరేవంతా విన్నది. వినాలనే అరిచాను.

ఆయన నావైపు చూసి తల ఊపి, వంగి పని చేసుకోవడం మొదలుపెట్టాడు. అంతే. ఈసారి కూచోమని కూడా అనలేదు. ఇసకలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పోదామని తిరిగినదాన్ని మళ్ళీ వెనక్కొచ్చి, చేలో మా ఆడవాళ్ళకి నీళ్ళు పెట్టుకోవడానికి పాత పెట్టె ఏదన్నా ఉంటే అమ్మమని అడిగాను. మూత విరిగిందొకటి తెచ్చి, తాడుతో కట్టి, నా ముందు పెట్టాడు. ఏదో అన్నాడు, నాకు వినపళ్ళేదు. రెండుచేతులూ ఇంతవెడల్పు చాపి చూపించాడు, తర్వాత వేళ్ళు చిన్నగా చేసి వద్దన్నట్టు ఊపాడు. దిమ్మ వెయ్యి, ముక్కలు వెయ్యబాక. అర్థమయ్యేసరికి నాకు ఏడుపాగలేదే.

అష్రఫ్ వెంట పడి క్షమించు క్షమించు అనబాక. చేసే పని చేసుకుంటూ ఉండు. అనాలనిపించినప్పుడు క్షమించానంటాడు, లేకపోతే లేదు.

నిన్న ఈస్టరు మర్నాడు ఆఖరి కోత. పెట్టె తెచ్చి చేను నడిమధ్యన పెట్టాను. గట్టు పక్కన నాలుగు గుంజలు పాతి, మిరపకాయలు ఆరబోసే పట్టా చుట్టూ కట్టాను. లోపల బకెట్టు, సబ్బు, చేతుల మంటకి కొబ్బరినూనె. ముఠా అంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొద్దున్నించీ ఒక్కతీ పెట్టె దగ్గరికి రాలేదు. పట్టా వైపు అసలే చూడలేదు. ఇన్నేళ్ళు వద్దన్న నోటితో ఇప్పుడు తాగండంటే ఎవరు నమ్ముతారు?

పదింటికి అందరి ముందూ రెండు చెంబులు తాగాను. కాసేపటికి రైతు వెంకటనారాయణ గారు కోత చూడ్డానికి వచ్చి గట్టుమీద నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే నాకు వచ్చింది. ఆయన పోయాక వెళ్దామని కూచున్నాను. కూచున్నాక నువ్వు గుర్తొచ్చావు, పెదవికి ట్యూబు పెట్టుకుని.

లేచాను. "ఒంటికి పోతున్నా" అన్నాను. నా గొంతుతోనే. సాళ్ళన్నీ ఆగిపోయాయి. వెంకటనారాయణ గారు గబగబా అటు తిరిగి ఆకాశం చూశాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ పట్టా దాకా నడిచాను. ఏభై ఎనిమిదేళ్ళ దాన్ని, పాతిక అడుగులు.

తిరిగొచ్చేసరికి పిచ్చమ్మ పెట్టె దగ్గర కూచుని ఉంది. చెంబు నోటికి ఎత్తుకుని, కళ్ళు మూసుకుని తాగుతోంది. నేను పక్కన నిలబడి, అది తాగడం అయ్యేదాకా చూసి, చెంబు తీసుకుని మళ్ళీ ముంచి ఇచ్చాను.

నీ అత్త
దేవకుమారి